పార్టీ కాని మనిషి

వాడిన కార్బన్ కాగితాన్ని కైలాసం కిటికీ వెలుతురుకి ఎత్తి చూశాడు. అక్కడక్కడా చిల్లులు పడినట్టు వెలుగు కనిపించింది. ఇంకొక్క నకలుకు పనికొస్తుందనుకుని, రెండు తెల్లకాగితాల మధ్య దాన్ని దోపి, టైపు మిషన్‌లోకి తిప్పాడు. ఎడమ చేతి వైపు కల్తీ నూనె కేసు తీర్పు పరిచి ఉంది. మేజిస్ట్రేటు చేతిరాత గాలికి వంగిన వరిలా ఒకే వైపు పడుకుని ఉంది. కైలాసం మెడ ఎడమకి వాల్చి, టైపు చేయడం మొదలుపెట్టాడు.

ఆ మెడ ఇప్పుడు ఇంట్లో కూర్చున్నా ఎడమకే వాలి ఉంటుంది. ముప్పై ఏళ్లు అసలు కాగితం అటువైపే ఉంది మరి. కుడిచేతి నడిమి వేలి మీద, కలంతో ఉర్దూ నకళ్లు రాసిన రోజుల కాయ అలాగే మిగిలింది. పోలీసు చర్య తర్వాత అదాలత్‌లోకి ఇంగ్లీషు వస్తే, నలభై దాటాక టైపు నేర్చుకుని నౌకరీ నిలబెట్టుకున్నాడు. ఇప్పుడు వేళ్ల చివర్లు ఎప్పుడూ నీలంగా ఉంటాయి. మెడదాకా బొత్తాలున్న కోటు మోచేతుల దగ్గర పలచబడింది. భార్య నాగమణమ్మ లోపలి నుంచి గుడ్డముక్క వేసి కుట్టింది.

అతని తండ్రి కూడా ఇదే అదాలత్‌లో నకల్ నవీస్. తీర్పులకీ వాంగ్మూలాలకీ ప్రతులు రాయడమే పని. "అక్షరం చూడు, అర్థం చూడకు. అర్థం చూసినవా, తప్పు రాస్తవ్" అని కొడుక్కి చెప్పేవాడు. కైలాసానికి అది బాగా అబ్బింది. సాయంత్రం నాగమణమ్మ కాళ్లకు నీళ్లిస్తూ, "ఇయ్యాల ఏం రాసినవ్?" అని అడిగేది. "యాదికి లేదు" అనేవాడు. అది అబద్ధం కాదు. ఉరిశిక్షలు, దొమ్మీలు, దొంగతనాలు అతని కళ్లలోంచి వేళ్లలోకి దిగి, కాగితం మీద పడి వెళ్లిపోయేవి. లోపల ఏదీ నిలిచేది కాదు.

ఒక్క తీర్పు మాత్రం నిలిచింది.

వారం నుంచి ముసురు వదల్లేదు. మిసిళ్లు, అంటే కేసు కాగితాల కట్టలు, దాచే ముహాఫిజ్ ఖానా ఈ గదిని ఆనుకునే ఉంటుంది. అక్కడి నుంచి తడిసిన గుడ్డమూటల వాసన, వాటి మధ్య వేసిన వేపాకు వాసన కలిసి వస్తున్నాయి. గోడ మీద చెమ్మ మనిషి ఎత్తున పైకి పాకింది. బయట వరండాలో, గోనెసంచిని ముసుగులా మడిచి తల మీద కప్పుకుని, సుందరమ్మ కూర్చుని ఉంది.

ఆమె పొద్దున్నే వచ్చింది. నిన్న కూడా వచ్చింది. అదాలత్ బంట్రోతులు ఇప్పుడామెను పలకరించడం మానేశారు. ఆమె భర్త గుండయ్య ఉస్మాన్‌గంజ్‌లో హమాలీ. కిందటేడు వానల్లో ఒక గోదాము అటకతో సహా కూలి, ఇంకో హమాలీతో పాటు బస్తాల కింద పడి చనిపోయాడు. గోదాము యజమాని సేఠ్ మీద సర్కారు కేసు పెట్టింది. కేసు వీగిపోయింది. ఆ తీర్పు నకలు కావాలని సుందరమ్మ దరఖాస్తు పెట్టుకుంది.

కైలాసం ఆ దరఖాస్తు తీసుకుని సూపరింటెండెంటు గోవర్ధన్ రావు బల్ల దగ్గరికి వెళ్లాడు. గోవర్ధన్ రావు కళ్లజోడు నుదుటి మీదికి నెట్టి, కాగితం చూడకుండానే గుర్తుపట్టాడు.

"మళ్లీ అదేనా?"

"అవును సాబ్. పొద్దుగాల నుంచి కూసున్నది."

"చెప్పిన గదా కైలాసం. కేసు సర్కారుకు, సేఠ్‌కు నడుమ. ఆమె పార్టీ కాదు. పార్టీ కానోళ్లకు నకలు ఇయ్యాలంటే మేజిస్ట్రేటు సాబ్ హుకుం కావాలె. పాత సాబ్ బదిలీ అయి పోయిండు. కొత్త సాబ్ ఇంకా రాలే. నేనేం చెయ్యాలె?"

"సచ్చిపోయినోని పెండ్లాం గద సాబ్."

"సచ్చిపోయినోడు సుత పార్టీ కాదు."

కైలాసం కదల్లేదు. గోవర్ధన్ రావు ఆశ్చర్యంగా తలెత్తాడు. ఈ మనిషి ఒక మాట విన్నాక ఇంకా నిలబడి ఉండటం అతను ఎన్నడూ చూడలేదు.

"ఖుల్లా అదాలత్‌ల చదివిన ఫైసలా సాబ్ అది" అన్నాడు కైలాసం మెల్లగా. "ఆ రోజు ఎవరన్నా వచ్చి కూసుని ఇనొచ్చు. గప్పుడు లేని అడ్డం ఇప్పుడెందుకు?"

"ఆ రోజు చదివింది ఆఖరి లైను. 'ముల్జిమును వదిలేసినం' అని. మిగిలిందంతా ఎవరు ఇన్నరు?" గోవర్ధన్ రావు గొంతు తగ్గించాడు. "సూడు. కొత్త రాష్ట్రం వచ్చింది. పాత నకల్ నవీసులను తగ్గిస్తరని మాట నడుస్తున్నది. సేఠ్ వకీలు మొన్న వచ్చి ఆ మిసిల్ ఎక్కడుంటదని అడిగిపోయిండు. ఎందుకడిగిండో నువ్వే సోంచాయించు. పో, పని చేస్కో."

కైలాసం తిరిగి వచ్చేసరికి తన కుర్చీ పక్కన ఒక మనిషి నిలబడి ఉన్నాడు. తెల్ల ధోవతి, నల్ల టోపీ, వానలో వచ్చినా బురద అంటని చెప్పులు. సేఠ్ దగ్గర లెక్కలు చూసే మునీమ్. నవ్వుతూ పాన్ పొట్లం అందించాడు. కైలాసం వద్దన్నట్టు చేయి కదిపాడు.

"కైలాసం సాబ్, ఖైరియత్? ఆ హమాలీ పెండ్లాం రోజూ వస్తున్నదంట. పాపం, వానల తడుసుకుంట. మీరన్నా సమ్‌జాయించి ఇంటికి పంపండి."

"నేను నకల్ నవీస్‌ని. నేనేం చెప్త?"

"అదే నేనంటున్న. మీరు ఏం చెప్పరు. మీ నాయన సుత గంతే అంట, పెద్దలు చెప్తరు." మునీమ్ మిషన్ వైపు వంగి, ముద్దుచేస్తున్నట్టు ఒక మీట నొక్కాడు. కల్తీ నూనె తీర్పు నడుమ ఒక అక్షరం టక్కున పడింది. "మిషన్ మంచిగున్నది. కొత్త సర్కారుల ఎవరి కుర్సీ ఉంటదో, ఎవరి కుర్సీ పోతదో. ఫికర్ చెయ్యకండి, మేమున్నం."

అతను వెళ్లిపోయాడు. కైలాసం ఆ పాడైన కాగితాన్ని తీసేసి, కొత్తది పెట్టి, మొదటి నుంచి కొట్టడం మొదలుపెట్టాడు.

గోదాము తీర్పుకి నకలు కొట్టింది అతనే. ముల్జిముకి, అంటే ముద్దాయికి, ఒక ప్రతి ఇవ్వాలి కనుక మొహరు వేసి సేఠ్ వకీలుకి ఇచ్చారు. మేజిస్ట్రేటు రాత మరీ అధ్వాన్నంగా ఉండటంతో, అర్థం పట్టుకోకుండా అక్షరం పట్టుకోవడం ఆ ఒక్కసారి కుదరలేదు. చదవాల్సి వచ్చింది. దూలాలకు చెద పట్టిందని అందులో రాసి ఉంది. కూలిన పొద్దున గోదాము తలుపు బిగుసుకుపోయిందనీ, పైబరువుకు ద్వారబంధం కుంగినందువల్లే అలా అయిందనీ రాసి ఉంది. మృతుడు తాగి ఉన్నాడన్న వాదనకు ఏ ఆధారమూ లేదని ఉంది. ఆనుకుని ఉన్న రెండో గోదాముకీ అదే కలప వాడారనీ, దాన్ని వెంటనే పరీక్ష చేయించడం మంచిదనీ ఉంది. ఈ సంగతులు సేఠ్‌కు ముందే తెలుసునని చెప్పే సాక్ష్యం చాలలేదు కనుక అతన్ని వదిలేస్తున్నట్టు చివర ఉంది.

ఆ కాగితం సేఠ్ ఇనప్పెట్టెలో ఉంది. అసలుది ముహాఫిజ్ ఖానాలో మూటలో ఉంది. మూడో చోట ఒక మనిషి తలలో ఉంది.

మధ్యాహ్నం వరండా చివర, వాన జల్లు పడని మూల చూసుకుని, కైలాసం డబ్బా విప్పాడు. పెరుగన్నం, తొక్కు. సుందరమ్మ లేచి, కాస్త దూరంలో స్తంభం పక్కన వచ్చి నిలబడింది. కంకులు కోసిన జొన్నకొయ్యలా ఎండిన మనిషి. మెడలో నల్లదారానికి చిన్న శిలువ ఉంది.

"ఇయ్యాల సుత కాదా సాబ్?"

"పెద్దసాబ్ రాలే బిడ్డా. వచ్చినంక చూద్దం."

"నాకు కాయితం లేకున్నా మాయె సాబ్. నాకు సదవరాదు. ఒక్క ముక్క చెప్పు. ఆయన తాగిండని రాసిండ్రా, లేదా?"

కైలాసం అన్నం కలుపుతూ తల దించుకున్నాడు. "లోపలి సంగతి చెప్పొద్దు. నౌకరీ పోతది."

"బస్తీల అందరు గదే అంటరు. తాగి, కింది బస్తా గుంజి, తాను సచ్చి ఇంకొకన్ని సంపిండంట. కోర్టే రాసిందంట గట్ల. ఆ సచ్చిపోయిన రెండో ఆయన తల్లి నన్ను జూసి ఉమ్మేస్తది. బాప్తీస్మం తీసుకున్నకాడి నుంచి ఆయన కల్లు ముట్టలే సాబ్. ఎవరికని చెప్పాలె? కోర్టు మాట ఇంటరా, నా మాట ఇంటరా?"

ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని, ఇక వెళ్లిపోవడానికన్నట్టు గోనెసంచి సర్దుకుంది.

"నా తమ్ముడే నమ్మిండు, ఇంక మందిని ఏమంట. ఇశ్రాయేలు. వాడు సుత ఆ సేఠ్ దగ్గరనే, పక్క గోదాముల. పొద్దుగాల సద్దిగిన్నె ఇయ్యవోతే మొకం తిప్పుకున్నడు. తలుపు వస్తలేదని ఆ చికాకుల ఉన్నడేమో అనుకుని నేనే వచ్చేసిన."

ముద్ద కైలాసం చేతిలోనే ఆగింది.

"ఏ తలుపు?"

"గోదాము తలుపు సాబ్. ఎంత గుంజినా వస్తలేదు. ఇద్దరు గూటంతోని గుద్దితే తెరుసుకున్నది. వానకు కట్టె ఉబ్బిందని మునీమ్ అంటున్నడు."

"నిన్న పట్టిందా గట్ల?"

"లేదంట. ఇయ్యాలనే." ఆమె అతని ముఖంలోకి చూసింది. "ఏంది సాబ్? గట్ల చూస్తవేంది?"

"సరుకు ఏమన్నా దిగుతున్నదా అక్కడ?"

"లారీలు వచ్చినయ్. కింద తడుస్తదని బస్తాలన్నీ అటక మీదికే ఎక్కిస్తున్నరు."

కైలాసం డబ్బా మూత పెట్టాడు. చెయ్యి కడుక్కుంటుంటే నీళ్లు చల్లగా మణికట్టు దాకా పాకాయి. "ఇక్కడనే ఉండు. ఎటూ పోకు" అని చెప్పి లోపలికి వెళ్లాడు. ఇప్పుడే ఆమెకు చెప్పి పంపేస్తే? ఎవరు నమ్ముతారు? కాగితం చూపించమంటారు. తానే వెళ్లి చెప్పినా అదే అంటారు.

ముహాఫిజ్ ఖానాలోకి అతను రోజుకి ఎన్నోసార్లు వెళ్లేవాడే. ఎవరూ ఏమీ అడగలేదు. మిసిల్ ఎక్కడుందో సేఠ్ వకీలుకి ఎవరూ చెప్పలేదు కానీ కైలాసం చేతికి తెలుసు. మూట విప్పి, తీర్పు తెచ్చి, ఎడమ వైపు పరిచి, కొత్త కార్బన్ పెట్టి కొట్టడం మొదలుపెట్టాడు. ఈసారి ప్రతి మాటా చదువుతూ కొట్టాడు. తలుపు అన్న మాట వచ్చినప్పుడు అసలుతో మరోసారి సరిచూసుకున్నాడు. బయట వాన జోరందుకుంది. గదిలో దీపం పెట్టాల్సినంత మబ్బు కమ్మింది. ఎవరో పై అంతస్తులో కుర్చీ లాగితే ఆ చప్పుడుకి ఉలిక్కిపడి కప్పు వైపు చూశాడు.

చివర, సూపరింటెండెంటు సంతకం పెట్టి మొహరు వేసే చోటు ఖాళీగా ఉండిపోయింది. మొహరు గోవర్ధన్ రావు సొరుగులో ఉంటుంది. ప్రతి నకలు అడుగునా 'సరిచూసినది' అని ఓ మూల, రెండక్షరాల పొడి సంతకం గిలకడమే కైలాసం వాటా. ఈసారి కలం తీసుకుని ఆ ఖాళీచోట పూర్తిపేరు, ఇంటిపేరుతో సహా రాశాడు. కింద హోదా రాశాడు. తారీఖు వేశాడు. అక్షరాలు గుండ్రంగా, ఏ తడబాటూ లేకుండా వచ్చాయి. ఈ సంతకంతో ముప్పై ఏళ్ల నౌకరీ పోతుందని తెలుసు. సాయంత్రం నాగమణమ్మకి ఏమని చెప్పాలో మాత్రం తెలియలేదు.

కాగితాలు మడిచి కోటు లోపలి జేబులో పెట్టుకుని బయల్దేరుతుంటే, గోవర్ధన్ రావు తలెత్తాడు.

"ఎటు?"

"పానం మంచిగ లేదు సాబ్."

గోవర్ధన్ రావు చూపు ఉబ్బెత్తుగా ఉన్న ఆ జేబు మీద ఆగింది. విప్పి పడేసిన మిసిల్ మీద ఆగింది. తర్వాత అతను కళ్లజోడు కిందికి దించుకుని తన కాగితాల్లోకి వంగాడు.

"వాన మస్తున్నది. పైలంగ పో" అన్నాడు.

నయాపూల్ మీద గాలి గొడుగును వెనక్కి తిప్పుతోంది. కింద మూసీ ఎర్రగా, కొట్టుకొచ్చిన చెట్ల కొమ్మలతో పారుతోంది. సుందరమ్మ ముందు నడుస్తోంది. ఏం జరుగుతోందో ఆమెకు పూర్తిగా తెలియదు. "తాగలే. తాగిండని యాడ లేదు. నేనే కొట్టిన కాగితం" అని అదాలత్ మెట్లు దిగుతూనే కైలాసం చెప్పాడు. ఆమె ఏడవలేదు. గోనెసంచి రెండు చేతులా పట్టుకుని, ఉరుకుతున్నట్టు నడవడం మొదలుపెట్టింది. అతనికి ఆయాసం వస్తోంది. ఎవరితోనైనా కలిసి ఇంత వేగంగా నడిచి ఎన్నేళ్లయిందో.

ఉస్మాన్‌గంజ్ సందులో మిరపకాయల ఘాటు, తడిసిన బెల్లం వాసన కలిసి కొట్టాయి. పోయినేడు కూలిన గోదాము చోట రాళ్లకుప్ప మీద గడ్డి మొలిచింది. దాన్ని ఆనుకుని రెండోది నిలబడి ఉంది. గోడ పైనుంచి కిందిదాకా నీరు కారిన నల్లచార. లారీ వెనక నుంచి హమాలీలు వంగి వంగి బస్తాలు మోస్తున్నారు. సగం తెరుచుకుని అలాగే బిగిసిపోయిన తలుపు సందులోంచి పక్కకు ఒరిగి లోపలికి పోతున్నారు. ఎదుటి అరుగు మీద మునీమ్ కూర్చుని ఉన్నాడు.

కైలాసం లారీ పక్కన నిలబడి కాగితం తీశాడు. "అన్నా, జర ఆగుండ్రి" అన్నాడు. ఎవరూ ఆగలేదు. గొంతు పెంచాడు. కోర్టులో పేర్లు పిలిచే బంట్రోతు గొంతు అరువు తెచ్చుకున్నట్టు, "గుండయ్య కేసు ఫైసలా ఇది! ఇనుండ్రి!" అని కేక వేశాడు.

అప్పుడు ఆగారు.

ఇంగ్లీషు మీద వేలు పెట్టి తెలుగులో చెప్పాడు. దూలాల సంగతి చెప్పాడు. తలుపు సంగతి చెప్పాడు. తలుపు మాట రాగానే హమాలీలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. పక్క గోదాముదీ అదే కలప అని చెప్పేసరికి, ముందు వరసలో ఉన్న నడివయసు మనిషి బస్తాను మెల్లగా నేల మీదికి దించాడు.

మునీమ్ అరుగు దిగి వచ్చాడు. "మొహర్ ఏది? మొహర్ లేని కాయితం చిత్తుకాయితం. పనికి పోండ్రి!"

"మొహర్ లేదు" అన్నాడు కైలాసం. "నా దస్కత్ ఉన్నది. అబద్ధమైతే నన్ను జైల్ల ఏస్తరు. మొహర్ ఉన్న నకలు మీ సేఠ్ దగ్గర ఉన్నది. తెప్పియ్యండి. రెండు పక్కపక్కన పెట్టి సదువుదం."

హమాలీలందరూ మునీమ్ వైపే చూస్తున్నారు. అతను తల తిప్పుకుని సేఠ్ దుకాణం ఉన్న వైపు చూశాడు. అది చాలింది. లోపలున్నవాళ్లను కేకలేసి పిలిచారు. ఒక్కొక్కరే తలుపు సందులోంచి బయటపడ్డారు.

సుందరమ్మ ఒక్కొక్క ముఖమూ వెతుక్కుంది. "వీడేడి? ఇశ్రాయేలు ఏడి?"

"అటక మీద ఉన్నడు. బస్తాలు పేరుస్తున్నడు" అని ఎవరో చెప్పారు. "రమ్మన్నం. అక్క లొల్లి మనకెందుకన్నడు."

ఆమె కదలబోయింది. కైలాసం గొడుగును ఆమె చేతిలో పెట్టాడు. "ఇది పట్టుకో బిడ్డా. నువ్వు పిలిస్తే రాడు" అని, పక్కకు ఒరిగి తలుపు సందులోంచి లోపలికి వెళ్లాడు.

లోపల చీకటి. మిరప ధూళికి కళ్లు మండాయి. దూలం మీద నుంచి పిండిలాంటిది సన్నగా రాలుతూ, సందులోంచి పడే వెలుగులో మెరుస్తోంది. ఎక్కడో కట్టె మూలిగింది. కైలాసం నిచ్చెన మొదట్లో నిలబడ్డాడు. మెడ అలవాటుగా ఎడమకే వాలి ఉంది.

"ఇశ్రాయేలూ, దిగు కొడుకా."

"ఎవరు నువ్వు?"

"కోర్టు నుంచి వచ్చిన. మీ బావ తాగలేదు. ఈ కాయితంల రాసి ఉన్నది."

పైన బస్తా జరుపుతున్న చప్పుడు ఆగింది. కాసేపటికి నిచ్చెన మీద కాళ్లు కనిపించాయి. ఇరవై ఏళ్లు దాటిన కుర్రవాడు, ఒళ్లంతా ఎర్రటి దుమ్ము. దగ్గరికి వచ్చి కాగితం మీదికి వంగాడు.

"యాడ రాసిండ్రు?"

కైలాసం ఆ వాక్యం కింద వేలు పెట్టాడు. వేలిముద్ర నీలంగా పడింది. ఇశ్రాయేలుకు ఆ అక్షరాలు రావు. అయినా చాలాసేపు చూశాడు. అతని కింది పెదవి చిన్నపిల్లవాడి పెదవిలా వంకరపోయింది.

"అక్కకు సూపియ్యాలె" అన్నాడు.

"ఉరుకు."

ఇశ్రాయేలు కాగితం పట్టుకుని ఉరికాడు. ఎవరి కోసం రాశాడో ఆ మనుషుల చేతికి తన నకలు చేరడం కైలాసం అంతవరకు చూసి ఎరగడు. నిలబడి చూశాడు. తర్వాత అతని వెనకే అడుగు వేశాడు.

ఇశ్రాయేలు గడప దాటాడు. కైలాసం దాటలేదు.

పొద్దుగూకేదాకా హమాలీలే కూలిన గోదాము రాళ్లు తీశారు. బస్తాలు తీశారు. మునీమ్ ఎప్పుడు వెళ్లిపోయాడో ఎవరూ గమనించలేదు. ఉస్మాన్‌గంజ్ దుకాణాలు తలుపులు వేసుకున్నాయి. హుసేనీ ఆలంలోని ఇంట్లో నాగమణమ్మకు కబురు చెప్పడానికి ఒక మనిషి బయల్దేరాడు. ఇశ్రాయేలు చేతులు నెత్తురోడుతున్నా ఆగకుండా తవ్వుతున్నాడు. కాగితం అతని అంగీ లోపల, ఒంటికి అతుక్కుని ఉంది.

వాన ఎప్పుడో వెలిసింది. ఎదుటి అరుగు పక్కన సుందరమ్మ నిలబడినచోటే నిలబడి ఉంది. ఆమె చేతిలో ఆ గొడుగు ఇంకా తెరిచే ఉంది. నలుపు వెలిసి మట్టిరంగుకు తిరిగిన పాత గొడుగు, విరిగిన ఒక పుల్లకు మిసిళ్లు కట్టే ఎర్రనాడా చుట్టి ముడివేసి ఉంది.